బాబాయిగారి పసుపు కార్డు

ఆషాఢం డిస్కౌంట్ల రోజుల్లో మా వీధిలో స్కూటరు పెట్టి చీరల కొట్టుకి వెళ్ళిన ఒకాయన, ఆ స్కూటరుని శ్రావణం వచ్చాక గాని బయటికి తీసుకోలేకపోయాడు. ఈలోగా దాని సీటు మీద పిచ్చుక గూడు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లల్ని ఎగరేసుకుపోయింది కూడా. ఈ సంగతి నేను చాలామందికి చెప్పాను. పిచ్చుక నా సొంతం. మిగతాదానిలో మూడు వంతులు నిజం.

రాజమండ్రి మెయిన్ రోడ్డుకి సరిగ్గా వెనక వీధి మాది. రెండు కార్లు ఎదురైతే ఒకటి వీధి చివరిదాకా వెనక్కి పోవాల్సిందే. మెయిన్ రోడ్డులో బట్టల కొట్లు, బంగారం కొట్లు, డాక్టర్లు. బండి పెట్టుకోవడానికి మాత్రం జానెడు చోటు ఉండదు. అందుకని తణుకు నుంచి పెళ్ళి బట్టలకి వచ్చినవాళ్ళూ, నిడదవోలు నుంచి పళ్ళ డాక్టరు కోసం వచ్చినవాళ్ళూ మా గేట్ల ముందు కార్లు పెట్టి మాయమైపోయేవాళ్ళు.

వీధిలో అందరికీ అదో నరకం. నాకు మాత్రం పండగ.

ఎందుకంటే నేను దస్తావేజులు రాసేవాణ్ణి. అంతా కంప్యూటర్లలోకి వెళ్ళిపోయాక, చేతిరాత మీద నమ్మకం చావని ఏ నలుగురో తప్ప నా గడప తొక్కేవాళ్ళు లేరు. యాభై దాటాయి, పెళ్ళి కాలేదు. రెండు గదులు, ముందొక అరుగు. భార్యని చీరల కొట్టులోకి పంపించి బయట కాపలా కాసే మగవాడంత మంచి శ్రోత భూమ్మీద దొరకడని ఆ అరుగు మీదే కనిపెట్టాను. వాడికి వెళ్ళడానికి చోటుండదు, చెయ్యడానికి పనుండదు, ఫోనులో చార్జింగు కూడా అయిపోయి ఉంటుంది. పైగా నా గేటుకి అడ్డంగా కారు పెట్టాడు. ముందు నాలుగు చీవాట్లు పెట్టి, తర్వాత స్టూలు వేసి, మంచినీళ్ళిచ్చి, కథ మొదలుపెడితే మధ్యలో లేచిపోవడానికి వాడికి మొహం చెల్లదు. అలా ఎన్ని జిల్లాల మగవాళ్ళకి ఎన్ని అబద్ధాలు చెప్పానో లెక్కలేదు.

ఒకరోజు మా అసోసియేషన్ సెక్రటరీగారి కారు ముందు ఎవరో వ్యాను పెట్టి పోయారు. ఆయన బ్యాంకులో రిటైరైన మనిషి, టైమంటే ప్రాణం. రైలు తప్పిపోయింది. ఆ సాయంత్రమే మీటింగు పెట్టారు. వీధికి రెండు వైపులా గొలుసు, పొద్దున్న తొమ్మిది నుంచి చీకటి పడేదాకా ఒక వాచ్‌మన్. వీధిలోవాళ్ళ బండ్లకి ఆకుపచ్చ స్టిక్కరు. ఇంటికొకటి చొప్పున, చుట్టాలొస్తే అద్దం వెనక పెట్టుకోవడానికి పసుపు కార్డు. ఈ వ్యవహారమంతా చూడటానికి కారు లేని మనిషైతే పక్షపాతం ఉండదని నన్ను పెట్టారు. నేను పొంగిపోయాను. నోటీసు నేనే రాశాను. అలవాటు కొద్దీ వీధికి నాలుగు హద్దులు కూడా రాసి, "ఇందు మూలముగా తెలియపరచడమేమనగా" అని మొదలుపెట్టాను. చదివి అందరూ మెచ్చుకున్నారు.

మర్నాడు తొమ్మిదింటికి గొలుసు బిగించారు. పదయ్యేసరికి వీధి ఖాళీ. అరుగు మీద స్టూలు వేసుకుని కూర్చున్నాను. పదకొండైంది. లోపల నా ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వీధిలోకి వినబడుతోంది. అది కిర్రుమంటుందని నాకు ఆ రోజే తెలిసింది. అప్పుడు అర్థమైంది, నేనేం రాశానో.

ఇంటికొకటి అన్నారు కాబట్టి నాకూ ఒక పసుపు కార్డు వచ్చింది. చుట్టాలు రాని ఇంటికి ఇవ్వకూడదని రూలు లేదు. రూలు రాసింది నేనే గదా. క్యాలెండరు పక్కన మేకుకి తగిలించాను. మూడు నెలలు అక్కడే ఉంది.

దసరా వెళ్ళాక ఒక మంగళవారం, గొలుసు దగ్గర పాత కారు ఒకటి ఆగి ఉంది. డెబ్భై ఏళ్ళ పెద్దమనిషి దిగి వాచ్‌మన్‌ని బతిమాలుతున్నాడు. ముందు సీట్లో ఆయన భార్య. ఆవిడ కుడి చెయ్యి ఒళ్ళో, వేరెవరో అక్కడ పెట్టి మర్చిపోయినట్టు పడి ఉంది. పక్షవాతమట. మెయిన్ రోడ్డు మలుపులో ఫిజియోథెరపీకి వచ్చారు. అక్కడ కారు నిమిషం ఆగనివ్వరు. దూరంగా పెడితే ఆవిడ నడవలేదు.

నేను ఇంట్లోకి వెళ్ళి కార్డు తీసుకొచ్చాను.

"మా బాబాయిగారయ్యా. గొలుసు దించు."

"మీకెవరూ లేరని మొన్నేగా అన్నారండీ?" అన్నాడు వాచ్‌మన్.

"మొన్న లేరు. ఇవాళ వచ్చారు."

పెద్దమనిషి నా మొహంలోకి ఒకసారి చూశాడు. కార్డు తీసుకుని అద్దం వెనక పెట్టుకున్నాడు.

ఆయన ధవళేశ్వరంలో ఇరిగేషన్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. వాళ్ళకి మంగళవారం, శుక్రవారం పదింటికి. ఆవిణ్ణి నడిపించుకుంటూ తీసుకెళ్ళి లోపల కూర్చోబెట్టి, ఈయన తిరిగి నా అరుగు మీదికి వచ్చేసేవాడు. గంటన్నర. లోపల ఉండనివ్వరట.

"ఆవిడ చెయ్యి ఎత్తేలోపు నేనే ఎత్తేస్తున్నానని బయటికి పంపించేశారండి," అన్నాడు.

రెండో వారంలో ఆయనకి నా పులస కథ చెప్పాను. వరదల్లో ఒక పులస చేప దారి తప్పి, కాలవలు పట్టుకుని, మురుక్కాలవలోంచి మా వీధిలోకి వచ్చేసి, సెక్రటరీగారి గుమ్మం ముందు ఆగి, ఇంట్లో ఎవరైనా ఉన్నారా అన్నట్టు తోకతో తలుపు కొట్టిందని. ఈ కథకి సాధారణంగా రెండు రకాల జవాబులు వస్తాయి. కొందరు నవ్వుతారు. కొందరు "ఊరుకోండి" అంటారు. ఈయన రెండూ చెయ్యలేదు.

"ఏ నెలలో?"

"శ్రావణంలోనండి."

"అయితే బ్యారేజీ గేట్లు ఎత్తే ఉంటాయి. రావచ్చు."

నేను నోరు తెరిచేశాను. ముప్ఫై ఏళ్ళుగా అబద్ధాలు చెబుతున్నాను, దానికి గేట్లు ఎత్తి దారి ఇచ్చినవాడు ఆయనొక్కడే.

ఆ తర్వాత నాకు వారానికి రెండే రోజులు. సోమవారం కథ తయారుచేసుకునేవాణ్ణి, గురువారం ఇంకోటి. నీళ్ళ కథైతే లెవెల్ అడిగేవాడు, ఏనుగు కథైతే మేత అడిగేవాడు. తప్పు దొరికితే "అది కుదరదండి, ఇంకోలా చెప్పండి" అనేవాడు. ఇంకోలా చెప్పేవాణ్ణి. పదకొండున్నరకి లేచి వెళ్ళి ఆవిణ్ణి తీసుకొచ్చేవాడు. కారు వెళ్ళిపోయాక నేను లోపలికి వచ్చి, పొద్దున్న వండిన అన్నం గిన్నె ముందు పెట్టుకుని, ఆయన అడిగిన ప్రశ్నలు మళ్ళీ నెమరేసుకుంటూ తినేవాణ్ణి.

ఇలా ఉండగా సెక్రటరీగారు వాట్సాప్ గ్రూపులో మెసేజి పెట్టారు. కొందరు పసుపు కార్డులు కొట్లవాళ్ళకి ఇచ్చేస్తున్నారట. ఆదివారం మీటింగులో, ఎవరి కార్డు మీద ఏ చుట్టం వస్తున్నాడో చెప్పాలి. చుట్టం కాదని తేలితే కార్డు వెనక్కి. ఆ రూలు కూడా నాతోనే రాయించారు. నా చేతి మీదుగా నా మంగళవారాలు, శుక్రవారాలు రెండూ పోయేలా ఉన్నాయి.

అంతకంటే పెద్ద గండం ఎదురింట్లో ఉంది. ఎదురింటి మామ్మగారికి ఎనభై దాటాయి. మనిషి కనబడితే ఇంటిపేరు, ఊరు అడిగి, మూడు ప్రశ్నల్లో వరస తేల్చేస్తుంది.

"ఒరే అబ్బాయ్, మీ బాబాయి వస్తున్నాడటగా. నాకు చెప్పలేదేంటి? మీ నాన్న నన్ను పిన్నీ అని పిలిచేవాడు. అంటే నాకు కొడుకు వరస. కొడుకు ఇన్నాళ్ళ నుంచి గుమ్మం ముందుకొచ్చి పోతుంటే కాఫీ చుక్కైనా ఇవ్వకపోతే ఎలారా?"

"ఆయన కాఫీ తాగరండి."

"నేను ఇస్తే తాగుతాడు."

శుక్రవారం పెద్దమనిషి రాగానే సంగతి చెప్పేద్దామనుకున్నాను. సరిగ్గా అప్పుడే ఒక ముసలాయన వీలునామా పట్టుకుని లోపలికి వచ్చి కూర్చున్నాడు. అది తెమిల్చి బయటికి వచ్చేసరికి, మామ్మగారు ఒక చేత్తో కాఫీ గ్లాసు, ఇంకో చేత్తో కొబ్బరి లౌజు ప్లేటు పట్టుకుని అరుగు దగ్గర నిలబడి ఉంది. పెద్దమనిషి లౌజు తింటున్నాడు. నేను గడప దగ్గరే ఆగిపోయాను.

"అయితే వీడు మీ దగ్గర ఎప్పుడున్నాడు బాబూ?" అంటోంది మామ్మగారు.

"ఇంటర్ రెండేళ్ళూ మా ఇంట్లోనే ఉండి చదివాడండి," అన్నాడాయన, గేట్ల లెవెల్ చెప్పినంత మామూలుగా. "కథలు చెప్పేవాడు. పిల్లలంతా వాడి చుట్టూనే. ఒక్కటే బాధండి. కంచం ముందు ఒక్కడూ కూర్చుంటే ముద్ద దిగేది కాదు. ఎవరో ఒకరు ఎదురుగా ఉండాలి. మా ఆవిడ ఎంత పనున్నా వచ్చి కూర్చునేది."

మామ్మగారు నా వైపు తిరిగి చూసింది. నేను గోడకున్న క్యాలెండరు చూశాను. ఆ మాట నేను ఆయనకి ఎప్పుడూ చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు.

ఆదివారం మీటింగులో నా వంతు వచ్చింది.

"మీకు బాబాయిలు లేరని విన్నామండీ," అన్నారు సెక్రటరీగారు.

నేను గొంతు సవరించుకునేలోపే వెనక కుర్చీలోంచి మామ్మగారు అందుకుంది. "ఎవరు చెప్పారయ్యా నీకు? నేను మాట్లాడాను. వాళ్ళ బాబాయే. నా చేతి లౌజు తిన్నాడు. ఇంకేం సాక్ష్యం కావాలి, రిజిస్ట్రారాఫీసు స్టాంపా?"

అందరూ నవ్వారు. కార్డు నాకే ఉండిపోయింది.

సంక్రాంతి ముందు ఆవిడ వేళ్ళు కదిలాయి. పుష్యమాసం చివరికి గ్లాసు పట్టుకుంది. ప్రతివారం ఆయన ఆ కబురు చెప్తుంటే నేను సంతోషపడేవాణ్ణి. నిజంగానే సంతోషపడేవాణ్ణి. కాకపోతే కారు వెళ్ళిపోయి ఒక్కణ్ణీ లోపలికొచ్చాక, ఆ చెయ్యి ఇంకాస్త నెమ్మదిగా బాగుపడితే ఏం పోయిందనుకున్న రోజు కూడా ఒకటుంది. ఇది కథ కాదు. ఏ వంతూ అబద్ధం కాదు.

మాఘమాసం మొదట్లో ఒక శుక్రవారం. పదకొండున్నరకి ఇద్దరూ వచ్చారు. ఆవిడ పట్టుకోకుండానే నడిచింది.

"ఇంక రానక్కర్లేదన్నారండి. ఇంట్లోనే చేసుకోమన్నారు," అన్నాడాయన.

"మంచి మాట చెప్పారండి."

కారెక్కి కూర్చున్నాక ఆయన కార్డు తియ్యడానికి అద్దం వైపు చెయ్యి చాపాడు. "ఉండండి, మీరెందుకూ," అని ఆవిడ ఆపేసింది. కుడి చెయ్యి మెల్లగా లేపి, వణుకుతున్న వేళ్ళతో కార్డు అంచు పట్టుకుంది. ఒకసారి జారింది. ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. రెండోసారి అందింది. కిటికీలోంచి నాకిచ్చింది.

"మా ఇంటికి భోజనానికి రా నాయనా," అంది. "నేను ఎదురుగా కూర్చుంటాను."

వస్తానన్నాను. కారు గొలుసు దాటి మలుపు తిరిగింది.

మంగళవారం మామ్మగారు తన గుమ్మంలోంచి అడిగింది. "మీ బాబాయి ఇంక రాడా?"

"రారండి. పిన్నిగారి చెయ్యి బాగైంది."

"మంచిదే."

"మంచిదేనండి."

ఆవిడ నా అరుగు వంక చూసింది. "నీ జాతకం పట్టుకుని పదిహేను ఊళ్ళు తిరిగినదాన్నిరా. మీ వంశంలో మేకపిల్లతో సహా నాకు తెలుసు. మీ నాన్నకి తమ్ముళ్ళు లేరు."

"మరి మీటింగులో అలా చెప్పారేంటండీ?"

"లేనివాణ్ణి తెచ్చుకుంటే తెచ్చుకున్నావు, మంచివాణ్ణి తెచ్చుకున్నావు. నాకేం నష్టం?" అని లోపలికి వెళ్ళిపోయింది.

ధవళేశ్వరం ఎంతోదూరం కాదు. ఆటో ఎక్కితే అరగంట. రోజూ వెళ్దామనుకుంటాను. వెళ్తే చుట్టాన్ని కాదని ఆ గుమ్మం ముందు నాకే గుర్తొస్తుందేమోనని భయం. కార్డు మళ్ళీ క్యాలెండరు పక్కన మేకుకి వేలాడుతోంది.

ఆ శుక్రవారం పదింటికి వాచ్‌మన్ అలవాటుగా గొలుసు దించి, రోడ్డు వైపు చూసి, నా దగ్గరకొచ్చాడు.

"బాబాయిగారు ఈవేళ లేటాండీ?"

"బయల్దేరారయ్యా. ధవళేశ్వరం రోడ్డు మీద పులసలు వరసగా అడ్డం పోతున్నాయట. అవి దాటాక వస్తారు."

వాడు పగలబడి నవ్వాడు. "ఊరుకోండి సార్!" అని వెళ్ళి గొలుసు బిగించేశాడు.

ఏ నెలలో, అని అడగలేదు.