సీమంతం నాటి జవాబు

మాచర్లలో మా పక్కింటి అక్కకు కోపం వస్తే గొంతు పెరిగేది కాదు, తగ్గేది. అత్త ఎంత తిట్టినా కొంగు సర్దుకుని, "సరే అత్తా" అని మెల్లగా అనేది. ఆ మెల్లదనానికి నాకు భయమేసేది.

పిల్లల్లేరని అత్త ఆమెను వీధంతా వినేలా గొడ్రాలనేది. పేరంటాలకు పంపేది కాదు. చివరికి నరసరావుపేట డాక్టరమ్మ అక్కకూ బావకూ ఇద్దరికీ పరీక్షలు చేయించింది. అక్కలో ఏ లోపమూ లేదు. బావకే వీర్యకణాలు తక్కువ. ఆయన వీర్యాన్ని శుద్ధి చేసి, చురుకైన కణాలను సన్నని గొట్టంతో గర్భసంచిలోకి పంపుతామని, ఒక్కసారికే నిలుస్తుందని చెప్పలేమని డాక్టరమ్మ వివరించింది.

"మా అమ్మకి చెప్పమాకే" అని బావ బతిమాలాడు. అక్క చెప్పలేదు. మొదటిసారి నిలవలేదు. అత్త మళ్లీ తిట్టిపోస్తుంటే బావ పక్కనే కూర్చుని అన్నం తిన్నాడు. రెండోసారి నిలిచింది.

సీమంతానికి వీధి ఆడవాళ్లంతా వచ్చారు. గాజులు తొడుగుతూ అత్త, "నా మొక్కు ఫలించింది. లేకుంటే ఈ గొడ్రాలికి కడుపేంది?" అంది.

"మొక్కు కాదత్తా," అంది అక్క మెల్లగానే. అందరూ మాటలాపి విన్నారు. "లోపం నీ కొడుకుది. డాక్టరమ్మ వైద్యం చేస్తే నిలిచింది. కావాలంటే ఆయన్నే అడుగు."

గుమ్మంలో తాంబూలాల పళ్లెంతో నిలబడ్డ బావ తల దించుకున్నాడు. అత్త చెయ్యి ఆగిపోయింది. సగం ఎక్కిన గాజును అక్కే తొడుక్కుంది.

అందరూ వెళ్లాక, "బావ మొహం చూశావా అక్కా? చానా చిన్నబోయాడు" అన్నాను.

"చూశాలే. అన్నేళ్లు నన్ను గొడ్రాలంటుంటే, ఆయన కూడా నా మొహం చూస్తానే కూచున్నాడు," అంది.