సావిత్రమ్మ చెప్పిన రాయి

ఈ ఉదయం మా క్వార్టర్స్ వెనక ఎవరో తడిబట్టను బండకేసి కొడుతున్నారు. చేతిలో కాఫీ గ్లాసుతో అలాగే నిలబడిపోయాను. పదిహేనేళ్లవుతున్నా ఆ చప్పుడు వింటే రామాంజనేయులు సారు ఇంటి పెరడు కళ్లముందుకొస్తుంది.

సారు ఉరవకొండ దగ్గర మా ఊరి హైస్కూల్లో చరిత్ర చెప్పేవారు. ఆయనకు పాతరాళ్ల పిచ్చి. ఆదివారం వస్తే మోపెడ్‌కు నీళ్ల క్యాను, బ్రష్షు, కాగితాల చుట్ట కట్టుకుని పొలాలంట తిరిగేవారు. శాసనమున్న రాయి కనబడితే కడిగి, తడికాగితం పరిచి, అది అక్షరాల గుంతల్లోకి దిగేదాకా బ్రష్షుతో కొట్టి, పైన నల్లసిరా అద్దేవారు. కాగితం లేపితే నలుపు మీద తెల్లటి రాత. సిరా అద్దే గుడ్డబంతిని కూడా భార్య పాతచీర ముక్కల్లో దూది కుక్కి ఆయనే కుట్టుకునేవారు. ఆమె పేరు సావిత్రమ్మ. ఐదో తరగతి దాకా చదివింది. ఇల్లూ రెండు పాడి ఎనుములూ ఆమె చూసుకునేది. ఆమె ఏదో చెబుతూ ఉండేది, ఆయన కాగితాల్లోంచి తలెత్తకుండా "ఊఁ" అనేవారు. పెద్ద చదువున్న ఇల్లు అలాగే ఉంటుందనుకునేదాన్ని.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, రాతకు అలా అచ్చు తీయడం నేర్పిస్తానని ఒక ఆదివారం ఇంటికి రమ్మన్నారు. పనయ్యాక సిరా గిన్నె కడగమన్నారు. పెరట్లో బట్టలుతికే బండ మీద పెట్టి చెంబుతో నీళ్లు పోశాను. నల్లనీళ్లు పారి బండ అంచున ఆగాయి. ఆగినచోట సన్నని గీతలు తేలాయి. వంకరగా ఒకటి, పక్కన గుండ్రంగా ఇంకొకటి, వాటి కింద మరో వరుస.

"సార్, ఈడ ఏందో రాసుండాది."

నవ్వుతూ వచ్చిన మనిషి బండను చూసి తడినేల మీదే కూలబడ్డారు. అంచంతా వేలితో తడిమారు. నాలుగు వరుసల చివరలే మిగిలాయి. మధ్యలో అంతా బట్టల దెబ్బలకు అరిగి అద్దంలా నున్నగా ఉంది. జిల్లా అంతా ఆయన వెతికేలాంటి రాయి, రోజూ ఆయన చొక్కాలు ఉతికే రాయి.

సావిత్రమ్మ బకెట్‌తో గడపలో నిలబడి ఉంది.

"దీని మీద రాత ఉండాదని నీకు తెలుసునా?" అన్నారు సారు.

"తెలుసు. కాపురానికొచ్చిన ఏడే చెప్తిని కదా, బండ నిండా ఏందో రాసుండాది సూడండి అని. పని మీదుండా, తర్వాత సూస్తాలే అంటిరి. మళ్లా రెండుమార్లు చెప్తిని. ఊఁ అంటిరి." ఆమె గొంతులో కోపం లేదు. నాకు భయమేసింది అందుకే. "నేనేం చేసేది? బట్టలు ఉతకాల్ల కదా."

సారు బండ మధ్యలో నున్నటిచోట అరచెయ్యి ఆనించారు. చెయ్యి తీయకుండానే, "తప్పు నాదే సావిత్రీ" అన్నారు. ఆమె బకెట్ కింద పెట్టేసి ఆయన వైపు వింతగా చూసింది. ఆ మాట ఆమె అంతకుముందెన్నడూ విని ఉండదు.

ఆయన లోపలికెళ్లి కాగితం, పెన్సిలు తెచ్చి ఆమె ముందు పెట్టారు. "ఏమన్నా గుర్తుంటే గియ్యి."

"నాకేం తెలుస్తాది" అంటూనే కూర్చుంది. కొత్తలో సబ్బు రాస్తూ వేలితో ఆ గీతలు దిద్దేదట. కుండ మూతిలాంటిదొకటి, కొడవలిలాంటిదొకటి, అలా ఎనిమిది గీసింది. ఆమె గీసే ఒక్కో గీతనూ సారు వంగి చూస్తూ ఉన్నారు. అంచున మిగిలినవీ, ఆమె గీసినవీ కలిపితే 'చెరువు' అనే ఒక్క మాట తేలింది. ఎవరు తవ్వించారో, ఎప్పుడో, ఆ రాత మొత్తం పోయింది.

మరుసటి రోజు క్లాసులో ఆయన ఏదీ దాచకుండా చెప్పారు. ఆ బండ మీంచి తీసిన అచ్చుకాగితం కింద తన పేరుకు ముందు భార్య పేరు రాసి మాకు చూపించారు. పిల్లలు నవ్వుతారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు.

సారు ఇప్పుడు లేరు. నేను ఆసుపత్రిలో నర్సును. వార్డులో రోగుల వెంట వచ్చిన ఆడవాళ్లు చేతులు నులుముకుంటూ ఏదో చెప్పబోతారు. చాలాసార్లు అందులో ఏమీ ఉండదు. మొన్న ఒకామె మొగుడికి జ్వరమని తీసుకొచ్చి, వెళ్లబోతూ ఆగి, "పొద్దన్నుంచి నన్ను వాళ్ల చెల్లెలి పేరుతో పిలస్తాండాడమ్మా" అంది. వట్టి జ్వరమైతే పెళ్లాం ఎవరో, చెల్లెలెవరో తెలియకుండా పోదు. రాస్తున్న కాగితం పక్కకు తోసి, ఆమెను కూర్చోబెట్టి, "మళ్లీ చెప్పమ్మా, మొదటి నుంచి" అన్నాను.