సింగడికి తోడు బుల్లెమ్మ

నా చిన్నప్పుడు మేం ఫిల్మ్‌నగర్‌లో పెరడున్న ఒక చిన్న డాబా ఇంట్లో అద్దెకుండేవాళ్ళం. సినిమావాళ్ళతో పాటే మద్రాసు నుంచి తరలివచ్చిన కుటుంబం మాది. నాన్న స్టూడియోలో ఎడిటింగ్ పని చేసేవారు. అమ్మకు అక్క, మా పెద్దమ్మ, డబ్బింగ్ చెప్పేది. తెరమీద పసిపిల్ల ఏడ్చినా, ముసలమ్మ దగ్గినా చాలాసార్లు ఆ గొంతు ఆవిడదే. పెళ్ళి చేసుకోలేదు, మాతోనే ఉండేది.

మా ఇంట్లో సింగడనే కుక్క ఉండేది. ఏదో పల్లెటూరి కథ షూటింగ్ ముగిశాక, అందులో వాడిన బాతుల్ని తలా ఒకటి పట్టుకుపోతుంటే, పెద్దమ్మ ఒక బాతుపిల్లను చీర కొంగులో చుట్టుకుని తెచ్చింది. దానికి బుల్లెమ్మ అని పేరు పెట్టింది. సింగడు దాన్ని చూసి గుర్రుమన్నాడు. బుల్లెమ్మ ఆ గుర్రును లెక్కచేయకుండా వెళ్ళి వాడి పొట్ట పక్కన ముడుచుకుని పడుకుంది. వాడు కాసేపు తల ఎత్తి అందరి వంకా చూసి, ఇక చేసేదేముందన్నట్టు తల వాల్చేశాడు. ఆ రోజు నుంచి రెంటిదీ ఒకటే పడక.

కొన్నాళ్ళకు సింగడి కళ్ళకు పొర కమ్మి చూపు పోయింది. అప్పుడు బుల్లెమ్మ అరుచుకుంటూ ముందు నడిచేది, వాడు ఆ చప్పుడు పట్టుకుని వెనకే వెళ్ళేవాడు. దానికి దారి చూపాలనే ఉండేదో, తన మానాన తను తిరిగేదో నాకు తెలియదు. వాడు ఆగితే మాత్రం అదీ ఆగేది.

అవి మాదాపూర్ వైపు అద్దాల మేడలు లేస్తున్న రోజులు. మేముండే ఇంటిని కూల్చి ఏదో సాఫ్ట్‌వేర్ కంపెనీకి గెస్ట్‌హౌస్ కడతామన్నారు యజమానులు. జూబ్లీహిల్స్ దిగువన ఒక అపార్ట్‌మెంట్ కింది అంతస్తులోకి మారాం. అక్కడ కుక్క ఉండొచ్చు, బాతు మాత్రం కుదరదన్నారు. నాన్నకు వేరే దారి కనిపించలేదు. టోలిచౌకిలో కోళ్ళూ బాతులూ పెంచే తెలిసినాయనకు బుల్లెమ్మను అప్పగించి వచ్చారు.

సింగడు తిండి మానేశాడు. లేచి నాలుగడుగులు వేస్తే గోడకు కొట్టుకునేవాడు. అప్పుడు పెద్దమ్మకు ఒక ఉపాయం తోచింది. వరండా చివర కూర్చుని అచ్చం బుల్లెమ్మలా అరిచింది. నేను నిజంగా బాతు వచ్చిందేమోనని పరుగెత్తాను. సింగడూ చెవులు నిక్కించి లేచాడు, గబగబా వచ్చాడు, ఆవిడ చేతులు వాసన చూశాడు. చూసి, అక్కడే కూలబడి ముఖం పక్కకు తిప్పేసుకున్నాడు.

పెద్దమ్మ చాలాసేపు వాడి వీపు నిమిరింది. తర్వాత నాతో, "హాలు నిండా జనం నమ్ముతారే నా గొంతును. వీణ్ణి నమ్మించబోవడం తప్పే. వీడికి కావలసింది చప్పుడు కాదు, బుల్లెమ్మ" అంది. కొంగు దోపుకుని, నన్ను వెంటబెట్టుకుని అపార్ట్‌మెంట్ సంఘం ప్రెసిడెంటుగారి తలుపు తట్టింది.

ఆయన నగరంలోనే పుట్టి పెరిగిన పెద్దమనిషి. అంతా విని, "అమ్మా, కుక్కంటె సరే అన్నం. ఇప్పుడు మీరు బాతంటరు, రేపు ఇంకొకరు మేకంటరు. గిట్లయితె ఎట్ల?" అన్నాడు.

"కుక్కకు ఒప్పుకున్నారు కదండీ. ఆ బాతే దాని కళ్ళు. కళ్ళు బయట వదిలేసి రమ్మంటే ఎలా వస్తుందండీ?"

"రూల్ అందరికి ఒక్కటే అమ్మా."

"సరేనండీ. రేపు మళ్ళీ వస్తాను."

అన్నట్టే వెళ్ళింది. మర్నాడూ వెళ్ళింది. డబ్బింగ్ థియేటర్ నుంచి గొంతు బొంగురుపోయి వచ్చిన రోజు కూడా కాఫీ తాగి బయల్దేరింది. నాకు సిగ్గేసేది, ఆవిడకు వేసేది కాదు. ఎప్పుడూ గొంతు పెంచలేదు, కన్నీళ్ళు పెట్టుకోలేదు. వరండా కడగడం తన పనేనని, ఎవరికి ఇబ్బంది కలిగినా తనకే చెప్పమని అనేది. చివరికి ఆయన, "వారం దినాలు చూస్త. కంప్లైంట్ వస్తె మళ్ల అడగొద్దు" అన్నాడు.

ఆటోలో బుట్ట ఒళ్ళో పెట్టుకుని బుల్లెమ్మను తెచ్చాం. గేటు దగ్గరే అది అరిచింది. లోపల గోడ పక్కన పడున్న సింగడు లేచి, తడబడుతూ, తలుపుకు భుజం రాసుకుంటూ బయటికి వచ్చాడు. బుట్ట దించకముందే ముక్కు అందులో పెట్టేశాడు. ఆ మధ్యాహ్నం పెరుగన్నం ఇద్దరూ ఒకే పళ్ళెంలో తిన్నారు.

కంప్లైంటు రానే వచ్చింది. రాత్రంతా కంపెనీలో పనిచేసి పగలు పడుకునే పై అంతస్తు కుర్రాడికి ఆ అరుపులతో నిద్ర పట్టడం లేదట. పెద్దమ్మ అతని దగ్గరికే వెళ్ళి ఏ వేళ పడుకుంటాడో అడిగి తెలుసుకుంది. రోజూ ఆ వేళకు రెంటినీ వెనక ప్రహరీ పక్కకు తీసుకెళ్ళి, ఎండలో గొడుగు వేసుకుని, డైలాగులు చదువుకుంటూ కూర్చునేది. సెలవు రోజుల్లో నేనూ కూర్చున్నాను. ఎంత చాకిరో అప్పుడు తెలిసింది. ఆ కుర్రాడు మాత్రం మళ్ళీ ఫిర్యాదు చేయలేదు.

గడువు చివర్లో ఒక పొద్దున ప్రెసిడెంటుగారు మా వరండా ముందు ఆగిపోయాడు. బుల్లెమ్మ ముందు, సింగడు వెనక, ర్యాంపు మీదుగా దిగుతున్నారు. మలుపు దగ్గర వాడు వెనకబడితే అది నిలబడి పిలిచింది. వాడు వచ్చి కలిశాకే కదిలింది. అవి కనుమరుగయ్యేదాకా ఆయన వాటినే చూశాడు. పెద్దమ్మ బుల్లెమ్మ నీళ్ళ తొట్టి పట్టుకుని బయటికి వచ్చింది. ఆయనే, "జర నీళ్ల తొట్టి గా మూలకు పెట్టుకోండ్రమ్మా, కార్లకు అడ్డం రాకుంట" అని వెళ్ళిపోయాడు.

సింగడు ఆఖరిదాకా ఆ ఇంట్లో మళ్ళీ గోడకు కొట్టుకోలేదు.

పెద్దమ్మ ఇప్పుడు లేదు. నా తలా నెరుస్తోంది. తోడు పోయి ఎవరైనా దిగాలుగా కూర్చుంటే, ఆ తోడును నేనే అన్నట్టు నటించి సరిపెట్టబోను. వెళ్ళి తీసుకురాగలిగితే తీసుకొస్తాను. కుదరదన్నవాళ్ళ తలుపు మర్నాడు మళ్ళీ తడతాను, అందుకయ్యే చాకిరీ నాదేనని ముందే చెబుతాను. అలా తట్టడానికి నాకు ఇప్పుడు సిగ్గు వేయదు.