పొట్టేలిచ్చి కొన్న మౌసు

మా కోటేశ్వర్ మౌసు కొన్నాడంటే పొట్టేలును కొన్నట్టే కొంటాడు. నవ్వులాటకు అంటున్న మాట కాదు ఇది. వాళ్ళది మర్రిపాడు దగ్గర పల్లె. తాతల నాటి నుంచీ గొర్రెలు మేపుకునే ఇల్లు. సంతలో పొట్టేలు నడుం మీద చెయ్యి వేసి, కళ్ళు మూసుకుని, దీంట్లో కండ ఎంత, ఎముక ఎంత అని చెప్పగల చెయ్యి వాడిది. కంప్యూటర్ మౌసు మీద కూడా ఆ చెయ్యే వేస్తాడు. కళ్ళు కూడా అట్లాగే మూసుకుంటాడు.

ఆత్మకూరు బస్టాండు వెనక నాకొక నెట్ సెంటర్ ఉంది. పగలంతా దరఖాస్తులు, హాల్‌టికెట్లు, జిరాక్సులు. సాయంత్రమైతే కుర్రాళ్ళు చేరి తుపాకుల ఆట ఆడతారు. అటు అయిదుగురు, ఇటు అయిదుగురు. కోటేశ్వర్ మా అయిదుగురిలో మొదటివాడు. మందను వాళ్ళ నాయనకు అప్పజెప్పి, దోవన పోయే లారీ ఏదో ఒకటి ఎక్కి వచ్చేస్తాడు. గురిలో వాడిని మించినవాడు ఆత్మకూరులో లేడు. ఉదయగిరిలో ఒకడున్నాడంటారు గానీ మేము నమ్మం.

వచ్చిన మొదటిరోజే నా షాపులో మౌసులన్నిటినీ వరసగా పరీక్షించాడు. ఒకదాన్ని ఎత్తి నా మొహం ముందు పెట్టాడు.

"ప్రసాదూ, ఇది ముసలిదిరా. పళ్ళు అరిగిపోయినాయి."

"మౌసుకు పళ్ళేందిరా?"

"ఈ చక్రం తిప్పి చూడు. కటకటమని ఆగి ఆగి తిరగాల. ఇది జారిపోతా ఉండాది. పైగా దగ్గు కూడా ఉండాది, విను."

నా చెవి దగ్గర పెట్టి ఒకసారి నొక్కాడు. టక్కుమని రెండుసార్లు వినపడింది. అది దగ్గే. ఆ జబ్బు ఉన్న మౌసుతో ఒక గుండు కాల్చబోతే రెండు పోతాయి.

వాడి లెక్కలో మంచి మౌసంటే చెయ్యి దాని మీద ఉన్నట్టే తెలీకూడదు. "చెప్పు కరిస్తే నడవగలవా? ఇదీ అంతే," అంటాడు. అందుకని ముందు చేతిని చూడాలి, తరవాతే మౌసును చూడాలి. నా షాపుకు ఎవరొచ్చినా వాడు చెయ్యి అందుకునేవాడు. ఒకసారి పంచాయతీ సెక్రెటరీ గారు జిరాక్సుకు వస్తే ఆయన చేతిని తిప్పి తిప్పి చూసి, "మీది అరచెయ్యి పెద్దది సార్, వేళ్ళు పొట్టి. వీపు ఎత్తుగా ఉండేది మీకు బాగుంటాది," అన్నాడు. ఆయన రెండో చెయ్యి కూడా చాపి, "ప్రమోషన్ సంగతి ఏమన్నా కనిపిస్తా ఉండాదా?" అని అడిగాడు.

ఒకసారి నెల్లూరులో కంప్యూటర్ల షాపుకు నన్ను తోడు తీసుకుపోయాడు. అద్దాల షాపు, లోపల చల్లగా ఏసీ. టై కట్టుకున్న కుర్రవాడొకడు పెట్టె విప్పి మౌసు చేతిలో పెట్టాడు. మావాడు దాని వీపు నిమిరాడు. పక్కటెముకలు నొక్కాడు. తిరగేసి కాళ్ళు చూశాడు. అరచేతిలో పైకీ కిందికీ ఎగరేసి బరువు చూశాడు. కుర్రవాడు రెండు చేతులూ కింద పట్టి నిలబడ్డాడు, పడితే అందుకుందామని.

"కోట్ల సార్లు నొక్కినా చెడిపోదు సార్. కంపెనీ గ్యారంటీ."

"ఎవురు నొక్కి చూసినారు?"

"మిషన్ నొక్కుతుంది సార్."

"మిషన్‌కు కోపం రాదు గదబ్బా. ఆటలో చచ్చిపోయినప్పుడు మనిషి నొక్కే నొక్కుడు వేరే ఉంటాది. అది సరే, ఈ రబ్బరు ఎండకు తట్టుకుంటాదా? మా పక్క వేసవికి జిగురు మాదిరి అయిపోతాది."

"ఏసీ రూములో పెట్టుకుంటే ఏం కాదు సార్."

"మా రూముకు పైన రేకులుండాయి."

ఆ తరవాత బేరం. భుజం మీద తువ్వాలు తీసి ఆ కుర్రవాడి చేతిమీద కప్పి, కింద వాడి వేళ్ళు పట్టుకున్నాడు. సంతలో పొట్టేళ్ళ బేరం అట్లాగే చేస్తారు. పక్కవాడికి ధర తెలీకుండా వేళ్ళతోనే మాట్లాడుకుంటారు. పాపం, ఆ సంగతి కుర్రవాడికి తెలీదు. చెయ్యి వెనక్కి తీసుకోలేక, ఉంచలేక, "ఫిక్సుడు రేటు సార్," అని తువ్వాలు వంక చూస్తూ చెప్పాడు.

ఇంత చేసి కొన్న మౌసు వాడి దగ్గర నిలిస్తే గదా. కొద్దిరోజులు ఆడి, "ఏరేసినాను," అనేవాడు. మందలో ఈడు మీరినవి, కుంటివి వేరు చేసి తోలేస్తారే, అదీ ఏరెయ్యడమంటే. అట్లా ఏరేసినవాటిని ఊరి మీదికి వదిలేవాడు. ఆధార్ సెంటర్‌లో ఒకటి, నా షాపులో ఒకటి, మెయిన్ రోడ్డులో నారాయణయ్య ఫ్లెక్సీల షాపులో ఒకటి.

"ఏందిరా, మేము నీ కంటికి కసాయోళ్ళ మాదిరి కనిపిస్తా ఉండామా? ఏరేసినవన్నీ మాకే తోలుతా ఉండావు," అన్నాను ఒకసారి.

"ప్రాణంతోనే ఉండాయి గదరా, వాడుకో," అన్నాడు.

ఈ ఏడు ఎండలు తగ్గగానే ఆత్మకూరులో ఒక ఫంక్షన్ హాల్లో ఆటల పోటీ పెట్టారు. నెల్లూరు, కావలి, ఉదయగిరి నుంచి టీములు వస్తున్నాయి. మా టీము పేరు 'పొట్టేళ్ళు'. పేరు ఎవరు పెట్టారో వేరే చెప్పనక్కరలేదు. మాకు ఇంతవరకు ఏ పోటీలోనూ కప్పు రాలేదు. ఈసారి వస్తుందని అందరం అనుకున్నాం. ఎందుకంటే కోటేశ్వర్ పిల్లప్పటి నుంచి పెంచుకున్న నల్లమూతి పొట్టేలును అమ్మి, బెంగుళూరు నుంచి ఒక మౌసు తెప్పించాడు.

ఆ సంగతి నాకు వాళ్ళమ్మ మస్తానమ్మ నోటి నుంచి తెలిసింది. సరుకులకని ఆత్మకూరు వచ్చి, సంచీతో నేరుగా నా షాపులోకి వచ్చి కూర్చుంది.

"ఏం నాయనా ప్రసాదూ, నా కొడుకు ఏం కొన్నాడో చూసినావా?"

"మౌసు కొన్నాడు గదమ్మా."

"మౌసంటే తెలుగులో ఏంది?"

"ఎలక," అన్నాను.

"అదే నేను చెప్పేది. సంతలో అందరూ ఎలకల్లాంటివి అమ్మి పొట్టేళ్ళను తెచ్చుకుంటారు. నా కొడుకు పొట్టేలును ఇచ్చి ఎలకను తెచ్చినాడు. పైనుంచి మా మామ చూస్తా ఉంటే ఏమనుకుంటా ఉంటాడో."

అయితే ఆ మౌసు నిజంగా గొప్పది. పావురం కూర్చున్నట్టు ఉండేది. బొటనవేలు ఆనడానికి పక్కన ఒక అరుగు. మణికట్టు బల్లకు తగలకుండా చెయ్యి కొంచెం పక్కకు వాలి ఉంటుంది. దాని మీద చెయ్యి పెట్టి కోటేశ్వర్ ఒక్క వంక కూడా పెట్టలేదు. వాడు వంక పెట్టకపోవడం నేను చూడడం అదే మొదలు. ఆట అయిపోగానే తువ్వాల్లో చుట్టి తీసుకుపోయేవాడు. మమ్మల్ని తాకనిచ్చేవాడు కాదు.

పోటీ రోజు వచ్చింది. హాల్లో కూర్చుని మావాడు తువ్వాలు విప్పాడు. లోపల ఉన్నది కొత్త మౌసు కాదు. వాడి పాత మౌసు. తీగ తెగినచోట సైకిల్ ట్యూబు ముక్క చుట్టి ఉంది.

"కొత్తది యాడరా?"

"ఏరేసినాను."

"దానికేం లోపమురా?" అన్నాను.

"మరీ మెత్తన. ఆటకు కొంచెం పౌరుషం ఉండాల."

ఆ పౌరుషం గల మౌసుతోనే వాడు మమ్మల్ని ఫైనల్ దాకా లాక్కొచ్చాడు. అంతవరకు ఒప్పుకోవాలి. ఫైనల్లో ఉదయగిరి వాళ్ళు తగిలారు. ఆఖరి రౌండ్‌లో వాళ్ళు ముగ్గురు ఒక గోడ వెనక చిక్కారు. మేము ముగ్గురం వాళ్ళ మీదికి పరుగెత్తుతున్నాం. కోటేశ్వర్ ఒక బాంబు వేస్తే చాలు. వేశాడు. సరిగ్గా అప్పుడే పాత మౌసు దగ్గింది. ఒకటి వెయ్యబోతే రెండు పడ్డాయి. మొదటిది గోడకు తగిలి వెనక్కి దొర్లింది. రెండోది మా కాళ్ళ దగ్గరే పడింది. మేము ముగ్గురం మావాడి చేతిలోనే పోయాం. హాలంతా నవ్వింది. ఉదయగిరి వాళ్ళు నవ్వుతూనే వచ్చి కప్పు తీసుకున్నారు.

నాకు తల కొట్టేసినట్టయింది. వాడితో మాట్లాడకుండా ఇంటికొచ్చేశాను. తరవాత కొన్నాళ్ళు వాడు షాపుకు రాలేదు, నేనూ పిలవలేదు.

ఆ రోజుల్లోనే నా షాపుకు కొత్త బోర్డు వేయిద్దామని నారాయణయ్య ఫ్లెక్సీల షాపుకు పోయాను. అక్కడ డిజైన్ చేసే అమ్మాయి సుకన్య. అనంతసాగరం నుంచి రోజూ షేర్ ఆటోలో వస్తుంది. నారాయణయ్య కంప్యూటర్ పాతది కావడంతో ఫొటోలు కత్తిరించడం అంతా చేత్తోనే. లీడరు బొమ్మ చుట్టూ, మీసం చుట్టూ, జుట్టు చుట్టూ మౌసుతో గీత గీసుకుంటూ పోవాలి. ఉంగరాల జుట్టు లీడరు పుట్టినరోజు వచ్చిందంటే ఆ పిల్లకు ఆ పూట అన్నం లేదు. బట్టతల లీడర్లంటే అభిమానం అని నవ్వుతూ చెప్పేది.

ఆ రోజు చూస్తే, సుకన్య చేతి కింద కోటేశ్వర్ మౌసు. పావురం మాదిరి కూర్చుని ఉంది.

"ఇది యాడిదమ్మా?"

"కోటేశ్వరన్న ఏరేసినాడంట. ఆటకు పనికిరాదంట," అంది. నవ్వు ఆపుకుంటున్నట్టు పెదవి బిగించింది.

"పనికిరాకపోవడమేంది? పెంచుకున్న నల్లమూతి పొట్టేలును అమ్మి తెచ్చినాడు దాన్ని."

ఆ మాటకు నవ్వు ఆగిపోయింది. కుర్చీ నా వైపు తిప్పి కూర్చుంది.

"పొట్టేలు సంగతి నాకు తెలీదన్నా. చలికాలం నుంచి నా మణికట్టు వాచిపోయి ఉండాది. వేళ్ళు తిమ్మిరెక్కి రాత్రిళ్ళు నిద్ర ఉండేది కాదు. డాక్టరు పట్టీ వేసి, చేతికి పని చెప్పొద్దన్నాడు. పని చెప్పకుంటే ఎట్టా? నారాయణయ్య గారు మంచోడే గానీ, సీజన్‌లో బొమ్మలు ఆగిపోతే ఆయన మాత్రం ఏం చేస్తాడు. నా బదులు వేరే వాళ్ళ కోసం అడగతా ఉండాడు. అప్పుడే కోటేశ్వరన్న వాళ్ళ ఊరి జాతర ఫ్లెక్సీకని వచ్చినాడు. నేను చల్లనీళ్ళ సీసాకు చెయ్యి ఆనించుకుని కూర్చోనుంటే చూసినాడు. అప్పటి నుంచి ఏదో ఒక మౌసు తెచ్చేది, 'ఏరేసినానమ్మా, ఊరికే పడి ఉండాది, వాడి చూడు' అనేది. నాలుగు రోజులకు వచ్చి నా చెయ్యి చూసేది, తీసుకుపోయేది. ఇంకొకటి తెచ్చేది."

"ఇది?"

"ఇది కూడా అట్టే తెచ్చినాడు. ఇది ఆయన సొంతానికి కొన్నదని నాకు తెలుసు. మీ షాపుకొచ్చే పిల్లోళ్ళు చెప్పుకుంటా ఉంటే విన్నాను. ఒకసారి చెయ్యి పెట్టి చూడమన్నాడు. పెట్టినాను. బాగుండాదని నేను నోటితో అనలేదన్నా. నా మొహం చూసి ఆయనే, 'సరే, దీన్ని కూడా ఏరేసినాను, ఇక్కడే ఉండనీ' అని పోయినాడు. పోటీ ఉండాదని కూడా చెప్పలేదు."

మరుసటి రోజు బండేసుకుని మర్రిపాడు దోవ పట్టాను. రోడ్డు పక్క బీట్లో మంద మేస్తోంది. కోటేశ్వర్ కర్ర మీద గడ్డం ఆనించి నిలబడి ఉన్నాడు. నన్ను చూసి కొంచెం బెదిరాడు. ఇంకా బాంబు సంగతి అడుగుతానేమో అనుకున్నాడు.

"సుకన్య చెప్పింది," అన్నాను.

వాడు గొర్రెల వంక తిరిగాడు. "ఏం చెప్పింది?"

"మాకు చెప్తే ఏమైపోతాదిరా?"

"మీకు చెప్తే ఆ బిడ్డకు తెలుస్తాది. మంచిదని చెప్పి ఇస్తే తీసుకుంటాదా? మొహమాటపడతాది. ఏరేసిందని చెప్తే ఎవురైనా తీసుకుంటారు." నా వైపు తిరిగి, "నువ్వు కూడా తీసుకోలేదా?" అన్నాడు.

నా షాపులో వాడు ఏరేసిన మౌసు గుర్తొచ్చింది. దాన్ని పట్టుకున్న తరవాత నా బొటనవేలి నొప్పి ఎప్పుడు పోయిందో నాకే తెలీదు. మాట తిప్పడానికి, "కప్పు పోయింది గదరా," అన్నాను.

"మళ్ళా పెడతారులే," అన్నాడు. ఒక గొర్రెపిల్ల రోడ్డెక్కబోతుంటే దాన్ని మళ్ళేయడానికి పోయాడు.

సుకన్య దగ్గర పొట్టేలు సంగతి నేను నోరు జారిన విషయం వాడికి చెప్పలేదు. దాని ఫలితం మాత్రం వారం తిరక్కుండానే ఆత్మకూరు అంతా చూసింది.

బస్టాండు ఎదురుగా రెండు స్తంభాల మధ్య పెద్ద ఫ్లెక్సీ లేచింది. మామూలుగా అక్కడ లీడర్లు తప్ప ఎవరూ ఉండరు. ఈసారి నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, నల్లమూతి పొట్టేలును భుజాన వేసుకుని, నవ్వుతూ కోటేశ్వర్. వాడి చెదిరిన జుట్టులో ఒక్క వెంట్రుక కూడా తెగకుండా కత్తిరించి ఉంది. 'ఆటల పోటీలో ద్వితీయ బహుమతి సాధించిన మర్రిపాడు ముద్దుబిడ్డ కోటేశ్వరన్నకు హృదయపూర్వక శుభాకాంక్షలు' అని పైన. కింద, శుభాకాంక్షలు చెప్పేవాళ్ళ ఫొటోలు వరసగా ఉండేచోట, ఒకే ఒక గుండ్రటి ఫొటో ఉంది. అందులో మనిషి లేడు. ఒక కుడిచెయ్యి ఉంది, పట్టీ లేకుండా.

కోటేశ్వర్ అది ఉన్నన్నాళ్ళూ బస్టాండుకు ముందే లారీ దిగి, సందుల్లోంచి చుట్టు తిరిగి నా షాపుకు వచ్చాడు. ఒకరోజు తెగించి నారాయణయ్య షాపుకు పోయి, "ఏందమ్మా ఇదంతా?" అని అడిగాడంట.

"మౌసు ఎట్టా పనిచేస్తా ఉండాదో పరీక్షించినానన్నా," అందంట సుకన్య. "నీ జుట్టు చానా కష్టం. అయినా చెయ్యి నొప్పెయ్యలేదు."

వాడు నారాయణయ్య చెయ్యి అందుకుని ఆయన వేళ్ళు కొలిచి వచ్చేశాడు.

ఫ్లెక్సీ దించేసే రోజున మస్తానమ్మ ఎప్పుడు వచ్చిందో, ఎట్లా అడిగిందో, దాన్ని చుట్ట చుట్టించి ఆటో మీద వేసుకుపోయింది. మొన్న వానకు నేను వాళ్ళ పల్లెకు పోతే, గొర్రెపిల్లల దొడ్డి మీద కప్పి తాళ్ళతో బిగించి కట్టి ఉంది. కింద పిల్లలన్నీ ఒకదానికొకటి ఆనుకుని వెచ్చగా పడుకున్నాయి. పైన కోటేశ్వర్ కళ్ళద్దాల మీద వాన నీళ్ళు జారుతున్నాయి.

మస్తానమ్మ నాకు మజ్జిగ ఇచ్చి, దొడ్డి వంక చూసి, "చానా గట్టి గుడ్డ నాయనా. ఒక్క చుక్క కారలేదు," అంది.