పెదవులు చదివేవాళ్లు

నేపుల్స్‌లో మేం చేతితొడుగులు కుట్టే కార్ఖానాలో ఎవరైనా మాట్లాడితే యజమానికి ఒళ్లు మండేది. అందుకని ఆడవాళ్లం గొంతు బయటికి రాకుండా ఉత్త పెదవులతోనే ఊళ్లో కబుర్లన్నీ చెప్పుకునేవాళ్లం. మాలో ఎర్సీలియా మాటైతే గది ఆ చివరి నుంచి కూడా చదవొచ్చు. సినిమాలకు ఇంకా నోరు లేని రోజులవి. ఆ మొహం చూసే సినిమావాళ్లు దాన్ని ఎగరేసుకుపోయారు.

రెండు మూడు వేషాలు వేసిందో లేదో, రొట్టెల కొట్టు విన్చెంజోతో పెళ్లి కుదిరింది. దాని గుట్టు నాకొక్కదానికే తెలుసు. మోసపోయి కన్న కూతుర్ని, నినెత్తా అని పిల్ల పేరు మాత్రం చెప్పి, తన పేరు చెప్పకుండా అనాథల ఇంట్లో వదిలేసింది. పెళ్లయ్యాక మొగుడికి మెల్లగా నచ్చజెప్పి తెచ్చుకోవాలని దాని ఆశ. నాకు మాత్రం మగవాళ్ల మీద అంత నమ్మకం లేదు.

అంతలో తల్లి వేషం వచ్చింది. చచ్చిపోతున్న బిడ్డ మంచం పక్కన ఏడవాలి. నోటికొచ్చింది అంటూ ఏడువు, ఎవరికి వినబడుతుంది గనక అన్నాడట డైరెక్టరు. అది నిజంగానే నోటికొచ్చింది అంది.

ఆ సినిమా మా పేటకు వచ్చిన రోజు ముందు బల్లలన్నీ మా కార్ఖానావాళ్లవే. విన్చెంజో తల్లి డోన్నా రఫయేలా నా పక్కన కూర్చుంది. ఆవిడా పెళ్లికి ముందు మా బల్ల మీద కుట్టిన మనిషే. తెర మీద ఎర్సీలియా పెదవులు కదిలాయి. "నినెత్తా, క్షమించవే తల్లీ. లోకానికి జడిసి నిన్ను అనాథల ఇంట్లో వదిలేశాను." పియానో మోగుతూనే ఉంది. వెనకవాళ్లు కళ్లు తుడుచుకుంటున్నారు. మా బల్లల మీద మాత్రం వేయించిన గింజలు నమలడం ఆగిపోయింది.

"నినెత్తా ఎవరే?" అంది డోన్నా రఫయేలా.

కథలో పిల్ల పేరండీ అన్నాను.

"కథలో పిల్ల రోసా అని తెర మీద పడ్డ అక్షరాలు ఇప్పుడేగా వెనక ఎవరో చదివి వినిపించారు. నాకు అక్షరాలు రాకపోవచ్చు గానీ పెదవులు వచ్చు."

తెల్లారేసరికి పెళ్లికొడుకువాళ్లు ఉంగరం వెనక్కి అడిగారు. సంగతి ఊరంతా పాకాక సినిమావాళ్లు కూడా గుమ్మం ఎక్కనివ్వలేదు. నేను ఏడిచాను, అది ఏడవలేదు. ఇక దాచేదేముంది, పిల్లను తెచ్చుకుందాం పద అని నన్ను వెంటబెట్టుకుని అనాథల ఇంటికి వెళ్లింది. నినెత్తా తల్లిని నేనే అని మొదటిసారి గొంతెత్తి చెప్పింది.

అక్కడి సన్యాసిని తల వంచుకుంది. పిల్ల పోయిన చలికాలమే జ్వరంతో చనిపోయిందనీ, ఎవరికి కబురు పెట్టాలో తెలియలేదనీ చెప్పింది. అప్పటికింకా ఎర్సీలియాకు ఆ తల్లి వేషం రానేలేదు.

బయట మెట్ల మీద కూలబడి నా మొహంలోకి చూసింది.

"మరి ఆవేళ నేను క్షమించమన్నది ఎవర్నే?"

ఆ సినిమా మా పేటలో ఇంకా ఆడుతూనే ఉంది.