తిట్లు తిన్న మేస్త్రి

మా పాపకి మాటలు వచ్చీరాని వయసులోనే ఆయాసం పట్టుకుంది. వానాకాలం వస్తే చాలు, పిల్ల ఊపిరి తీసినప్పుడల్లా సన్నగా ఈల వేసినట్టు చప్పుడు. జ్ఞానాపురంలో మాది పాత పెంకుటిల్లు. పోర్టు వైపు నుంచి గాలికి కొట్టుకొచ్చే ఎర్రటి ఖనిజం దుమ్ము పెంకుల సందుల్లో పేరుకుని, వాన పడగానే ఎర్రనీళ్ళై గోడల వెంట దిగేది. "ఇల్లిలా చెమ్మగా ఉన్నంతకాలం నా మందులేం పనిచేస్తాయమ్మా?" అని డాక్టరుగారు నిష్ఠూరంగా అన్నారు. ఆ రోజే పెంకులు దించేసి స్లాబు వేయించాలని నేను పట్టుబట్టాను.

పట్టుబట్టడం తేలికే, మనిషి దొరకడమే కష్టమైంది. ఎనభైల్లో మాట ఇది. ఉక్కు కర్మాగారం కడుతున్నారు, ఉక్కునగరంలో క్వార్టర్లు లేస్తున్నాయి, చేయి తిరిగిన మేస్త్రులంతా గాజువాక బస్సెక్కేశారు. ఊళ్ళో మిగిలినవాళ్ళలో మా ఆయన మనసు ఒకాయన మీద పడింది. మా చర్చి మనిషే. పెళ్ళైతే పందిరి వేయించేది ఆయనే, ఎవరైనా పోతే పెట్టె మోసేదీ ఆయనే. "అలాగేనండీ, తప్పకుండానండీ" తప్ప ఆయన నోట ఇంకో మాట నేను వినలేదు. మా ఆయన పోర్టులో క్రేను నడిపేవారు. పొద్దస్తమానం కేకల మధ్య బతికే మనిషికి మెత్తని మాటంటే మహా ఇష్టం. 

మా అత్తగారికి మాత్రం నమ్మకం కుదరలేదు. "మేస్త్రినడిగితే ఏటి సెబుతాడే? తన పని బాగోదని తనే సెప్పుకుంటాడేటి? ఆడేసిన స్లాబు కిందకెల్లి సూడాల. అదీ వాన్లో," అంది. అత్తాకోడళ్ళం ఇద్దరం ఒక్క మాట మీద నిలబడ్డ సందర్భాలు మా ఇంట్లో అరుదు. అది వాటిలో ఒకటి.

వాన దంచి కొడుతున్న ఒక ఆదివారం, పాపను వాళ్ళ నాన్నకి అప్పజెప్పి ఇద్దరం ఒకే గొడుగులో బయలుదేరాం. ఆ పెద్దమనిషి స్లాబు వేసిన ఇల్లు మా వెనక వీధిలోనే ఉంది. వాన తగ్గేదాకా నిలబడతామంటే లోపలికి రమ్మని టీ ఇచ్చారు. మేస్త్రి సంగతి కదిపేసరికి ఇంటావిడ మొహం విప్పారింది. "ఎంత మంచోడో అమ్మా! మా నాన్న పోతే మాతో పాటు కూకొని ఏడ్సేడు," అంటూ, మాట మధ్యలోనే లేచి, మూలనున్న బేసిను నిండిందని తీసుకెళ్ళి పెరట్లో పారబోసి, మళ్ళీ తెచ్చి సరిగ్గా అదే చోట పెట్టింది. చుక్క బేసిన్లో పడుతూనే ఉంది, ఆవిడ ఆయన్ని పొగుడుతూనే ఉంది. నాకు నవ్వు ఆగలేదు. అంతలో ఆ బేసిను పక్కనే మా పాప మంచం ఉన్నట్టు అనిపించి నవ్వు కాస్తా పోయింది.

బయటికొచ్చాక అత్తగారు వీధిలో కనబడ్డవాళ్ళని సూటిగానే అడిగేసింది. "ఈ సుట్టుపక్కల కారని ఇల్లేదమ్మా?" వాళ్ళు రైలు పట్టాలకు అవతల ఒక ఇల్లు చూపించారు. వెళ్ళి మేస్త్రి ఎవరని అడిగామో లేదో, ఆ ఇంటావిడ కొంగు బిగించింది.

"ఆడి మాటెత్తకండి! అదేం నోరమ్మా! మేం తెచ్చుకున్న ఇసక లారీని వీధి మొగలోంచే తిప్పి పంపేసేడు. ఉప్పిసకంట, ఇనుం తినేత్తాదంట! మాయాయన్ని అందరి ముందూ నిచ్చెన దిగమన్నాడు. భోజనాలకి రమ్మంటే స్లాబయ్యేదాకా మంచినీల్లు కూడా ముట్టనన్నాడు. జన్మలో మల్లీ ఆణ్ణి పిలవను!"

ఆవిడ తిడుతున్నంతసేపూ నేను తల పైకెత్తి స్లాబు వైపే చూస్తూ ఉన్నాను. వేసిన సున్నం వేసినట్టే తెల్లగా ఉంది, ఒక్క మరక లేదు. మళ్ళీ ఆ మనిషిని పిలవాల్సిన అవసరం ఆవిడకి ఎందుకు రాలేదో నాకు అర్థమైంది.

ఇంటికొచ్చి సంగతి చెబితే మా ఆయన మండిపడ్డారు. "ఊరంతా తిట్టేవోణ్ణి తెచ్చి నెత్తిన పెట్టుకుంటావేటి?"

"ఊరంతా పొగిడేవోడి స్లాబు కింద బేసిన్లు పెట్టుకుంటన్నారండీ," అన్నాను.

ఆ తిట్లు తిన్న మేస్త్రిది భీమిలి పక్క ఊరు. కబురందుకుని బస్సు దిగి వచ్చాడు. బక్కపలచటి మనిషి. వస్తూనే గోడలు తట్టి చూసి, ఒక గోడ పనికిరాదని తేల్చి, "ఈ వానల్లో నాను పెంకు ముట్టుకోను. క్రిస్మసయ్యాక సూద్దాం," అన్నాడు. 

"మన చర్చి ఆయనైతే సోమవారమే మొదలెడతానన్నాడు," అని మా ఆయన నా వైపు చూశారు. 

నాకు ఒళ్ళు మండిపోయింది. "క్రిస్మస్ దాకా మా పిల్ల ఊపిరి తియ్యొద్దా? ఒక్కసారి లోపలికొచ్చి ఇను ఆ సప్పుడు!" అని అరిచాను. 

అతను నిజంగానే లోపలికి వచ్చి, మంచం పక్కన కాసేపు నిలబడి విన్నాడు. లుంగీ ఎగ్గట్టి నిచ్చెన అడిగాడు. పాప మంచం ఉన్న మూల పగిలిన పెంకులు తీసి మంచివి సర్ది, మా ఆయన ఎక్కడినుంచో తెచ్చిన పాత టార్పాలిన్ పైన పరిచి బిగించి కట్టాడు. చీకటి పడబోతుండగా దిగి, "పిల్లనిక్కడే ఉంచండి. స్లాబు మాత్రం నా లెక్క పెకారమే," అని వెళ్ళిపోయాడు. కూలి ఇస్తామన్నా ఆగలేదు. ఆ తర్వాత మా ఆయన సోమవారం ఊసెత్తలేదు.

క్రిస్మస్ వెళ్ళాక వచ్చాడు. ఇక మా ఇంట్లో రోజూ రభసే. మా ఆయన్ని నిచ్చెన దిగమన్నాడు, మా ఇసకనీ తిప్పి పంపాడు, మా అత్తగారిని పక్కకి తప్పుకోమన్నాడు. స్లాబు పోసిన మర్నాడు దాని మీద మట్టితో గట్లు కట్టించి, మడుల్లో నీళ్ళు నిలబెట్టినట్టు నిలబెట్టించాడు. స్లాబు గట్టిపడేదాకా అవి ఎండకూడదు. వీధి కుళాయి నుంచి బిందెలు మోసి మోసి నా భుజాలు పడిపోయాయి. ఎప్పుడు ఊడిపడతాడో తెలియదు, ఏ మడి కాస్త ఎండినా వీధి అదిరేలా అరిచేవాడు. పట్టాల అవతలి ఆవిడ తిట్లన్నీ నాకు నోటికొచ్చేశాయి. నావి కొన్ని అదనంగా చేర్చుకున్నాను కూడా. 

ఆ ఏడు తుఫాను మధ్యాహ్నం పూట తగులుకుంది. గాలికి ఎదురింటి పెంకులు వీధిలో పడి పగులుతున్నాయి. పాపను పడుకోబెట్టి, మెడ నొప్పెట్టేదాకా పైకి చూస్తూ కూర్చున్నాను. ఎక్కడా చుక్క లేదు. గోడకి చెయ్యి ఆనించి చూశాను, పొడిగానే ఉంది. అప్పుడు గమనించాను, పాప దగ్గర్నుంచి ఏ చప్పుడూ రావడం లేదు. వానాకాలంలో చప్పుడు లేకుండా ఊపిరి తీసే పిల్ల నాకు అలవాటు లేదు. వంగి పాప గుండెల మీద చెయ్యి వేశాను. చెయ్యి మెల్లగా లేస్తోంది, దిగుతోంది. 

అప్పుడే ఎవరో తలుపు దబదబా బాదారు. మా ఆయన తీస్తే మేస్త్రి, నెత్తిన గోనెసంచి, ఒళ్ళంతా నీళ్ళు. లోపలికి వస్తూనే నాలుగు మూలలూ తలెత్తి చూసుకున్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. నా కళ్ళలో నీళ్ళు చూసి కంగారుపడ్డాడు.

"ఏటమ్మా? ఎక్కడ కారతంది?"

"ఎక్కడా కారట్లేదు," అన్నాను. "పిల్ల పడుకుంది." 

అతను మంచం దగ్గరికి వచ్చి, వెనకటిలాగే చెవి ఒగ్గి నిలబడ్డాడు. కాసేపయ్యాక గోనెసంచి చేతిలోకి తీసుకుని, కాలి చప్పుడు కాకుండా గుమ్మం దాకా నడిచి, గొంతు తగ్గించి మా ఆయనతో అన్నాడు: "తలుపు మెల్లగెయ్యండి బాబూ, పిల్ల లేత్తాది."