రెండు మైకులు, ఒకే ఛానల్

ఈ రోజు మాదాపూర్‌లోని మా ఆఫీసులో మీటింగ్ జరిగింది. మేనేజరు గారు అద్దెకు తెప్పించిన కార్డ్‌లెస్ మైకు పట్టుకుని, "ప్రాజెక్టు అయ్యేదాకా ఆదివారాలు కూడా రావాలండీ" అన్నారు. వెంటనే మా స్పీకర్లోంచి ఎవరో పాస్టరు గారి గొంతు వినిపించింది: "ప్రభువా, అలసిన నీ బిడ్డలకు విశ్రాంతి దయచేయుము."

హాలంతా ఒక్కసారిగా "ఆమెన్" అంది.

పక్కింట్లో గృహప్రవేశ ప్రార్థన జరుగుతోందట. మైకు సెట్టు ఆయన పరుగున వచ్చాడు. "గా మైకు గూడ మా దుకాణందే సార్. రెండు ఒక్కటే ఛానల్ మీద నడుస్తున్నయ్. జర ఈ వైరు మైకుల మాట్లాడుండ్రి" అన్నాడు.

మేనేజరు గారు అదే మాట మళ్లీ చెప్పారు. ఈసారి ఏ గోలా లేకుండా, ఒక్కో అక్షరం స్పష్టంగా వినిపించింది. మీరే చెప్పండి, రెండింట్లో ఏ మైకు బాగున్నట్టు?